పన్నెండు వేల పెడళ్లు

కోరుట్ల,
8 సెప్టెంబర్ 2024.

వెంకటేశం మామకు,

నీ మేనకోడలు సంగీత రెండు చేతులూ జోడించి, ఒక కాలు మాత్రం సైకిల్ మీదే ఉంచి రాస్తున్న ఉత్తరం. అమ్మా నేనూ బాగున్నాం. నీ చెవులు ఎలా ఉన్నాయని అడగను, మొన్న తెలిసింది. ఫోన్‌లో నేను ఆరుసార్లు పెడళ్ల సంగతి అరిచాను, నువ్వు ఆరుసార్లూ "తిన్నం బిడ్డా, మీరు తిన్నరా?" అన్నావు. పక్కింటివాళ్లు కిటికీ తీసి చూశారు. అమ్మేమో, "నలభై ఏండ్లు సాంచాల చప్పుడుల నిలవడ్డడు మా అన్న. మరమగ్గాలు తిన్న చెవులకు ఫోనెందుకు? చిట్టీ రాయి" అంది. అందుకే ఈ కాగితం.

డిసెంబర్ 15న గొల్లపల్లి దగ్గరి గుట్టలో మా సెలక్షన్ రేసు. రాళ్లూ బురదా ఉన్న దారుల్లో తొక్కే సైకిల్ రేసు మామా, రోడ్డు మీద కాదు. మొదటి ముగ్గురిని రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. జగిత్యాలలో మాకు నేర్పే దివాకర్ సార్, "నీ కాలు పెడల్ మీద నిలుస్తలేదు సంగీతా. క్లిప్‌లెస్ పెడళ్లు ఎయ్యి, లేకుంటే గుట్ట సగంల దిగి నూకుడే" అన్నారు. ఆ పెడళ్లకు ఒక కొక్కెం ఉంటుంది, బూటు అడుగున ఒక ఇనుప ముక్క ఉంటుంది. కాలు పెట్టగానే రెండూ టక్కున అతుక్కుంటాయి. పేరులో క్లిప్ లేదంటారు, పట్టు మాత్రం జలగ పట్టు. ఆ పేరు ఎవరు పెట్టారో నన్ను అడగకు.

వాటిలో నాలుగు వేలవి ఉన్నాయి, పన్నెండు వేలవి ఉన్నాయి. నా స్నేహితురాలు సుధ పన్నెండు వేలవి వేయించుకుంది. వాటి ముందు మిగతావి పెడళ్లే కావంటుంది. నాన్నను అడిగితే మస్కట్ నుంచి ఒకటే మాట: "ఇనుము ముచ్చట మీ మామకెరుక. ఆయన ఏది కొనమంటే గదే."

కాబట్టి చెప్పు. ఆ ఎనిమిది వేల తేడాలో నిజంగా ఏమైనా ఉందా?

ఇంకా ఏ పెడల్‌కూ చిక్కని నీ కోడలు,
సంగీత


సిరిసిల్ల,
15 సెప్టెంబర్ 2024.

చిరంజీవి సంగీతమ్మకు మామ దీవెనలు. దీవెనలకు ఖర్చు లేదు కాబట్టి ఎక్కువే పంపుతున్నాను.

నీ ఉత్తరం మీ అత్త శంకరవ్వ చేతికిచ్చాను. ఆమె బీడీలు చుట్టడం ఆపి చదివి, పన్నెండు వేల దగ్గర ఆగింది. "సున్నాలు సక్కగ వెట్టిందా పోరి?" అని అడిగింది. ఆ కాగితం పట్టుకుని పాత బస్టాండు దగ్గర జాన్ సైకిల్ షాపుకు పోయాను. జాన్ మాట నాకు వినపడదు గానీ కనపడుతుంది. కార్ఖానాలో అందరం పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్లం కదా. జాన్ పెదవులు ఇలా అన్నాయి: "అన్నా, గా పైసలకు నేను రెండు సైకిళ్లిస్త, రెండింటికీ పెడళ్లుంటయ్." చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే బిడ్డా.

ధర సంగతి అటుంచు. నాకు నచ్చనిది కాలు కట్టేయడం. మా నాయన గుంటమగ్గంలో కూర్చుని ముప్ఫై ఏళ్లు కాళ్లతో తొక్కాడు. చెప్పులు బయట విడిచి, మగ్గానికి దండం పెట్టి దిగేవాడు. ఉత్త కాలికి తొక్కుడు కర్ర ఎప్పుడు బరువెక్కిందో తెలుస్తుందనేవాడు. కాలిని కర్రకు బిగించుకుని నేసినవాణ్ని నేను చూడలేదు. నువ్వు బూటు వేసుకుంటానంటున్నావు, పైగా దానికి ఇనుము కొడతానంటున్నావు. ఆయన ఉంటే నిన్ను గుంటలోకి దిగనిచ్చేవాడు కాదు.

అయినా సార్ చెప్పాడంటున్నావు కనుక కాదనను. నాలుగు వేలవీ వద్దు, పన్నెండు వేలవీ వద్దు. కొక్కెం, స్ప్రింగు, ఇరుసు. ఇంతే కదా? ఈ మూడూ నలభై ఏళ్లు నా చేతిలో తిరిగినవే. నేను చేసి ఇస్తాను. నీ బూట్లు పంపు.

మీ అమ్మను అడిగానని చెప్పు. మొన్న ఫోన్‌లో ఏం తిన్నారో చెప్పనేలేదు.

ఇట్లు నీ ఇనుప మామ,
వెంకటేశం


కోరుట్ల,
22 సెప్టెంబర్ 2024.

మామా,

నేను సలహా అడిగితే నువ్వు కార్ఖానా పెట్టేలా ఉన్నావు. వద్దు, నీకెందుకు శ్రమ అని రాయబోయాను. అమ్మ వెనక నుంచి చదివి కాగితం లాక్కుంది. "మా అన్న చేసిస్తనన్నంక కొనుడేంది? గా దుకాణపోడు నీకు మేనమామనా?" అని కళ్లు తుడుచుకుంది. నాన్నకు కూడా చెప్పేసింది. ఇక నేను చేసేదేముంది? బూట్లు ఆర్టీసీ పార్సిల్‌లో పంపుతున్నాను. కొంచెం కంపు కొడతాయి, అత్తకు ముందే చెప్పు.

కావాల్సింది రెండే గుణాలు. పెట్టగానే పట్టుకోవాలి, కావాలన్నప్పుడు వదలాలి. అంతే.

బూట్లు లేక చెప్పులతో తిరుగుతున్న,
సంగీత


సిరిసిల్ల,
20 అక్టోబర్ 2024.

సంగీతమ్మకు,

బతుకమ్మ ఆడి కాళ్లు నొప్పులని మీ అత్త మంచం దిగడం లేదు. కనుక ఈ పార్సిల్ కట్టింది నేనే. తాడు ఎక్కువైతే తిట్టకు. నాకు ఏదైనా గట్టిగా కట్టే అలవాటు.

ఇందులో జత పెడళ్లు, నీ బూట్లు ఉన్నాయి. ప్లేటు జాన్ షాపులో కోశాను. ఇరుసు పాత పెడల్‌ది. స్ప్రింగు మాత్రం నాది, ఇరవై ఏళ్లు పనిచేసి పక్కన పెట్టిన సాంచాలోంచి తీశాను. ఇప్పటికీ పట్టు తప్పలేదు. నీ బూట్ల అడుగున ఇనుప పట్టీ వేయించాను. కాలు ముందుకు నూకితే అతుక్కుంటుంది, వెనక్కి లాగితే ఊడుతుంది. బల్లకు బిగించిన వైసు ఇనుప దవడల్లో పెడల్‌ను పెట్టి యాభైసార్లు చూశాను. యాభైసార్లూ ఊడింది.

ఒక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తున్నాను. మా కార్ఖానాలో రెండేళ్లుగా కొత్త మగ్గాలు వచ్చాయి. చెడిపోతే నన్ను పిలవరు, ఒక పిల్లవాడు కంప్యూటర్ సంచి భుజాన వేసుకుని వస్తాడు, వైరు పెట్టి చూస్తాడు, పోతాడు. నేను పొద్దున్నే పోయి బల్ల మీద కూర్చుంటాను. మర్యాదకు లోటు లేదు. టీ ఇస్తారు, పని ఇవ్వరు. నా పనిముట్ల పెట్టెకు తుప్పు పడుతోందని మీ అత్త దాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది. నీ పెడళ్ల కోసం దాన్ని బయటికి తీశాను. ఈ నెల రోజులు నాకు సరిగ్గా ఆకలి వేసింది, సరిగ్గా నిద్ర పట్టింది.

ఎలా ఉన్నాయో వెంటనే రాయి.

వెంకటేశం మామ


కోరుట్ల,
28 అక్టోబర్ 2024.

మామా,

పెడళ్లు అందాయి. తాడు విప్పడానికి అమ్మా నేనూ సాయంత్రం దాకా కష్టపడ్డాం. 

నీ పెడళ్ల పట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. మొన్న జగిత్యాల మైదానంలో మొదటిసారి ఎక్కాను. దివాకర్ సార్ కుర్చీలోంచి లేచి వచ్చారు. సుధ పరుగెత్తుకుంటూ వచ్చింది. వాలీబాల్ ఆడేవాళ్లు కూడా ఆట ఆపి నా చుట్టూ చేరారు. నన్నూ సైకిల్‌నూ వేరు చేయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. అంతగా కలిసిపోయాం. పన్నెండు వేల పెడళ్లకు ఇంత పట్టు లేదని సుధే ఒప్పుకుంది.

స్ప్రింగు నిజంగా పాతదేనా? కొంచెం కూడా వయసు మీద పడ్డట్టే లేదు.

అత్తకు కాళ్ల నొప్పులు తగ్గాయా? నాకు కూడా మోకాలి మీద చిన్న గీతలు పడ్డాయి, అదేం లెక్కలోది కాదు.

నీ కోడలు,
సంగీత


సిరిసిల్ల,
5 నవంబర్ 2024.

నా బంగారు కోడలికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కార్ఖానాకు పోయాను. అక్కడి చప్పుడులో చదివి వినిపిస్తే ఎవరికి వినపడుతుంది? కనుక చేతికిచ్చి చదివించాను. పది మంది చదివారు. ఒకతను "నన్నూ సైకిల్‌నూ వేరు చేయడానికి ఇద్దరు" దగ్గర కొంచెం నవ్వాడు. అసూయ అనుకున్నాను.

ఇప్పుడు నాలుగు జతలు చేస్తున్నాను. మీ జట్టుకు మూడు, దివాకర్ సార్‌కు ఒకటి. సుధ తన పన్నెండు వేలవి అమ్మేసుకోవచ్చు అని చెప్పు, పాపం అంత డబ్బు పోసింది. స్ప్రింగు ఇంకో చుట్టు బిగించాను. గుట్ట మీద ఇంకా బలం కావాలి కదా.

అసలు సంగతి. డిసెంబర్ 15న నేనూ మీ అత్తా గొల్లపల్లికి వస్తున్నాం. నా పెడళ్ల మీద నువ్వు గుట్ట ఎక్కుతుంటే కళ్లారా చూడాలి. జాన్ కూడా షాపు మూసి వస్తానన్నాడు. మీ అత్త గారెలు చేస్తుందట. ఎన్ని అని మాత్రం అడగకు, జట్టుకంతటికీ అంటోంది.

అప్పటిదాకా వాటి మీదే సాధన చెయ్యి. అలవాటైతే నీ కాలూ అదీ ఒకటే అవుతాయి.

ఇట్లు,
నిద్ర మానేసి పెడళ్లు చేస్తున్న మామ


కోరుట్ల,
16 నవంబర్ 2024.

వెంకటేశం మామగారికి,

నమస్తే. ఈ మాట నాది కాదు, సంగీత మాటే గానీ రాసే చేయి సుధది. సంగీత చేతికి గోరింటాకు పెట్టుకుంది కాబట్టి నేను రాస్తున్నాను. ఆమె చెప్పినట్టే రాస్తాను.

మామా, నేను చాలా బాగున్నాను. ఎవరేమన్నా నమ్మకు. నాలుగు జతలు చేయడం దయచేసి ఆపెయ్యి. మా జట్టులో మిగతావాళ్ల కాళ్లు చిన్నవి. సార్ కాళ్లు పెద్దవి. సుధ కాళ్లు... (నా కాళ్లు మామూలుగానే ఉన్నాయి, ఇదంతా ఆమె చెప్పి రాయిస్తున్న మాట.) డిసెంబర్‌లో గొల్లపల్లిలో చలి చాలా ఎక్కువ, అత్తకు నొప్పులు తిరగబెడతాయి. మీరు రాకపోతేనే మంచిది. రేసు కూడా అంత పెద్దదేం కాదు. నేను పాల్గొనకపోయినా ఫర్వాలేదనేంత చిన్నది.

పెడళ్లు ఎప్పటిలాగే పట్టు వదలడం లేదు.

ఇట్లు సంగీత. రాసింది సుధ. ఇంతకన్నా ఏమీ రాయొద్దని ఆమె నా వైపు చూస్తోంది.


సిరిసిల్ల,
23 నవంబర్ 2024.

సంగీతకు,

మీ ఉత్తరం మీ అత్త చదివి ఒకే ప్రశ్న వేసింది. "ఆషాఢం కాదు, ఇంట్ల లగ్గం లేదు. గిప్పుడు గోరింటాకేంది?" నేను బిత్తరపోయాను. తల్లి పుట్టింటి సంగతి మేనమామకు చెప్పినట్టుంది నీ వరస. నిన్ను ఎత్తుకుని చెవులు కుట్టించిన వాణ్ని. గోరింటాకు పెడితే ఏడ్చి చేయి కడుక్కునే దానివి నువ్వు.

లేచి జాన్ షాపుకు పోయాను. రెండో జత పెడళ్లు ఒక సైకిల్‌కు బిగించి, ఇనుప పట్టీ వేసిన బూట్లు తొడుక్కుని, అరవై రెండేళ్ల వయసులో ఎక్కాను. పాత బస్టాండు గేటు దాకా రాజాలా పోయాను. అక్కడ బస్సు అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. కాలు వెనక్కి లాగాను. పెడల్ కూడా నాతోపాటే వెనక్కి తిరిగింది. మళ్లీ లాగాను, మళ్లీ తిరిగింది. అట్లా గాలిలో వెనక్కి తొక్కుతూ, నిలబెట్టిన బియ్యం బస్తాలా ఎడమ పక్కకు ఒరిగాను. మక్క కంకుల బుట్టలు పెట్టుకున్న ముసలామె లేచి నిలబడింది. జాన్ వచ్చి బూట్ల లేసులు విప్పి నన్ను బయటికి తీశాడు. బూట్లు మాత్రం సైకిల్‌కే ఉండిపోయాయి.

అక్కడే రోడ్డు మీద కూర్చుని అర్థం చేసుకున్నాను. వైసులో బిగిస్తే పెడల్ కదలదు, అందుకే యాభైసార్లు ఊడింది. సైకిల్ మీద పెడల్ తిరుగుతుంది. జీవితమంతా నేలకు బోల్టులు కొట్టిన యంత్రాల దగ్గరే పనిచేశాను బిడ్డా. నిలబడ్డ యంత్రం నాకు తెలుసు. పోయే యంత్రం సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నాకు మోచేయి గీసుకుపోయింది, అంతే. నీకేమైంది? ఏ చేయి? నిజం రాయి.

కోపం కూడా వచ్చింది, దాచను. పెడల్ పనికిరానందుకు కాదు. నేత పని చేసే ఆడమనిషి అయినా, పద్నాలుగేళ్ల పిల్లవాడైనా "వెంకటేశమన్నా, నీ రిపేరు పాడుగున్నది, దారం తెగుతున్నది" అని మొహం మీద చెప్పేవాళ్లు. చెబితేనే బాగుచేశాను. నలభై ఏళ్లలో నాకు అబద్ధం చెప్పింది నువ్వొక్కదానివే. పది మందికి చూపించాను ఆ ఉత్తరం. సిగ్గుతో చస్తున్నాను.

వెంకటేశం


కోరుట్ల,
2 డిసెంబర్ 2024.

మామా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు తాగినట్టు నడుస్తాయి. ఓపికగా చదువు.

కుడి మణికట్టు. ఎముకకు సన్న గీత పడింది. నవంబర్ 12న. చిన్న వాగు దగ్గర సైకిల్ ఆగిపోయింది, కాలు రాలేదు, చేయి ముందు పెట్టాను. కట్టు డిసెంబర్ చివరిదాకా ఉంటుంది. అంటే 15న రేసు లేదు. ఆ రోజు గుట్ట మీద నుంచి చూస్తూ కూర్చుంటాను.

నువ్వు అడగకముందే చెబుతున్నాను. మొదటి రోజు పడ్డాక ఆ పెడళ్లు తీసేయమని దివాకర్ సార్ అన్నారు. తీసేశాను కూడా. నువ్వు చూడటానికి వస్తానన్నావు. మళ్లీ బిగించాను. ఎలాగైనా వాటికి అలవాటు పడాలనుకున్నాను. తప్పు నీ స్ప్రింగుది కాదు, నాది.

ఎందుకు అబద్ధం చెప్పానంటే, టీ ఇస్తారు పని ఇవ్వరు అని రాశావు. అది చదివి నేను ఇంట్లో ఎవరికీ చూపించకుండా ఏడ్చాను. ఆ పెడళ్లు పనికిరావని రాస్తే నువ్వు ఆ పెట్టెను మళ్లీ బియ్యం డబ్బా కింద పెట్టేస్తావనిపించింది. నాకు నువ్వంటే భయం లేదు మామా, ప్రేమ. అందుకే ఇలా వంకర పనులు చేశాను. అమ్మకు మాత్రం ఇప్పటికీ రోడ్డు మీద మేక అడ్డం వచ్చిందనే చెప్పాను. ఆమె ఊళ్లో మేకలన్నిటినీ తిడుతోంది. నువ్వు చెప్పొద్దు, నేనే చెబుతాను.

ఫిబ్రవరి 9న రెండో సెలక్షన్ ఉంది. అప్పటికి చేయి బాగవుతుందని డాక్టర్ అన్నాడు.

నా మొదటి ప్రశ్నకు నువ్వు ఇంతవరకు జవాబివ్వలేదు. 15న రేసు కాగానే సుధ తన పన్నెండు వేల పెడళ్లు విప్పి పార్సిల్‌లో పంపుతుంది. విప్పి చూడు. విరగ్గొట్టావంటే వాళ్ల నాన్న దుబాయి నుంచి వచ్చి నీ ఇంట్లో కూర్చుంటాడు. వీటి నుంచి కాలు తీయాలంటే వెనక్కి లాగకూడదు, మడమను బయటికి తిప్పాలి. ఈ ఒక్క ముక్క నేను సెప్టెంబర్‌లోనే రాసి ఉంటే నీ మోచేయీ నా మణికట్టూ బాగుండేవి.

సంగీత


సిరిసిల్ల,
8 జనవరి 2025.

సంగీతమ్మకు,

నీ వంకర అక్షరాల ఉత్తరం మీ అత్త దాచుకుంది. నాకివ్వడం లేదు. కట్టు విప్పారని తెలిసి ఊపిరి పీల్చుకున్నాం.

సుధ పెడళ్లు అందాయి. నాలుగు వేల జత ఒకటి హైదరాబాద్ నుంచి జాన్‌తో తెప్పించాను. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, నట్టు నట్టూ విప్పాను. కార్ఖానా నుంచి నలుగురు వచ్చి చూశారు. వాళ్లకు మొదటి పని, నేను పడ్డ కథ చెప్పించుకోవడం. చెప్పాను. దాచి ఏం లాభం, పాత బస్టాండంతా చూసింది కదా.

ఇప్పుడు విను. కాలిని పట్టేదీ, వదిలేదీ రెండింటిలోనూ ఒకటే. కొక్కెం ఒకటే, స్ప్రింగు బలం ఒకటే, ఎంత బిగువు కావాలో పెట్టుకునే మర కూడా రెండింటికీ ఉంది. ఆ మరను చూసి నవ్వుకున్నాను. నేనైతే దాన్ని చివరిదాకా బిగించేవాణ్ని. వదులు చేయడానికి కూడా మర పెట్టినవాడు నాకన్నా పెద్ద మెకానిక్. బరువు చూస్తే ఖరీదైనది కొంచెం తేలిక. ఎంతంటే, నువ్వు రేసుకు ముందు ఒక కప్పు చాయ్ తాగకపోతే చెల్లు. బురద రాలిపోవడానికి దానికి సందులు ఎక్కువ, అది మంచి గుణమే.

అసలు తేడా లోపల ఇరుసు దగ్గర ఉంది. సుధ దానిలో బేరింగులు మంచివి, నీళ్లూ మట్టీ పోకుండా మూత గట్టిగా ఉంది. ఆమె ఏడాది వానలో తొక్కినా లోపల గ్రీజు తెల్లగానే ఉంది. చవక దానికి ఆ మూత పలచన. రెండు వానలు తగిలితే మట్టి చేరుతుంది, తిరగడం బరువెక్కుతుంది. అప్పుడు విప్పి, కడిగి, గ్రీజు పెట్టాలి. తెలిసినవాడికి అరగంట పని.

కనుక నా జవాబు. సుధ పెట్టిన డబ్బు దండగ కాదు, ఆమెకు చెప్పు. ఇంట్లో మెకానిక్ లేనివాళ్లు ఆ ఎనిమిది వేలు పెట్టాల్సిందే. నీకు ఆ అవసరం లేదు. నీకు మేనమామ ఉన్నాడు.

నాలుగు వేలవి, బూట్లకు వేసుకునే వాటి ఇనుప ముక్కలతో సహా పంపుతున్నాను, సుధవి కూడా మళ్లీ బిగించి అందులోనే పెట్టాను. మర బాగా వదులు చేశాను. నేనే ఎక్కి చూశాను. అటు జాన్, ఇటు మీ అత్త నిలబడ్డారు. మీ అత్త ఒక పరుపు కూడా తెచ్చింది. మడమ తిప్పగానే కాలు వచ్చింది. పది సార్లు ఆగాను, పది సార్లూ వచ్చింది. ఈసారి వైసు లేదు.

ఒక షరతు. ఏది పాడైనా, ఏది నచ్చకపోయినా రాయాలి. ఫిబ్రవరిలో చూడటానికి నేను రాను. నేను వస్తే నీ కళ్లు దారి మీద ఉండవు, నా మొహం మీద ఉంటాయి.

వెంకటేశం మామ


కోరుట్ల,
10 ఫిబ్రవరి 2025.

మామా,

నాలుగో స్థానం. ముగ్గురినే తీసుకున్నారు. ఈ మాట ముందు రాసేస్తే తర్వాతవి తేలిక అనుకున్నాను, ఏం తేలిక కాలేదు.

డిసెంబర్ రేసులో చోటు దక్కని సుధ ఈసారి రెండోది వచ్చింది. సంతోషమే. రాత్రి మాత్రం దిండులో మొహం పెట్టి ఏడ్చాను, కొంచెం ఆమె మీద కూడా.

జరిగింది చెబుతాను. మూడో చుట్టులో గుట్ట కింద బురద ఉంది, ఎవరో పొలానికి నీళ్లు వదిలారు. ముందు చక్రం దిగబడి సైకిల్ కుడికి ఒరిగింది. నవంబర్‌లో ఒరిగినట్టే, అదే పక్కకు. మడమ తిప్పాను. కాలు వచ్చింది మామా. నేల మీద ఆనింది. నేను పడలేదు. సైకిల్ భుజాన వేసుకుని బురద దాటి మళ్లీ ఎక్కాను, మళ్లీ టక్కున అతుక్కుంది. అక్కడ ఇద్దరిని దాటాను.

మూడో అమ్మాయి నాకన్నా ఒక కరెంటు స్తంభం దూరం ముందుంది. పన్నెండు వేలవి ఉంటే అందుకునేదాన్నా అని నువ్వు అడగవు, అమ్మ అడిగింది. నాకూ ఆ అనుమానం పీకింది. ఇవాళ సుధ పెడళ్లు అడిగి తీసుకుని అదే గుట్ట మూడుసార్లు ఎక్కాను, నావాటితో మూడుసార్లు ఎక్కాను. దివాకర్ సార్ గడియారం పట్టుకున్నారు. తేడా లేదు. "పెడల్ గాదు, దమ్ము తక్కువున్నది నీకు. రెండు నెలలు పండుకున్నవ్ గద" అన్నారు. ఆ రెండు నెలలు ఎందుకు పడుకున్నానో మనిద్దరికీ తెలుసు. నీ పెడళ్ల వల్ల నాకు ఒక రేసు పోయింది, ఇంకోటి సగం పోయింది. ఇది నిన్ను బాధపెడుతుందని తెలిసీ రాస్తున్నాను. అడిగావు కనుక.

ఇంకోటి. ఆ బురద తర్వాత ఎడమ పెడల్ కిర్రుమంటోంది. తిప్పితే చేతికి కూడా తెలుస్తోంది, లోపల ఇసుక నలిగినట్టు. నాకు విప్పడం రాదు. వచ్చే సెలక్షన్ ఆగస్టులో. అది పూర్తిగా పాడవకముందే నువ్వు చూడాలి.

సంగీత


సిరిసిల్ల,
14 ఫిబ్రవరి 2025.

సంగీతమ్మకు,

నాలుగో స్థానమని చదివి గుండె కలుక్కుమంది. ఆ రెండు నెలలు నా ఖాతాలోవే, కాదనను. పోయి అరుగు మీద కూర్చున్నాను. మీ అత్త వచ్చి పక్కన కూర్చుంది.

తర్వాత కింది ముక్క చదివాను. ఎడమ పెడల్ కిర్రుమంటోందని రాశావు. మూడుసార్లు చదివాను. లేచి పెట్టె సర్దాను. ఎడమ పెడల్‌కు మరలు తిరగేసి ఉంటాయి, ఎడమకు తిప్పితే బిగుస్తుంది. తెలియనివాడు బలంగా తిప్పితే పాడు చేస్తాడు. నువ్వు గానీ, సుధ గానీ, మీ సార్ గానీ పానా పెట్టొద్దు.

నిన్న కార్ఖానా ముందు నుంచే పోయాను, లోపలికి పోలేదు. పిలిచారు. "ఇయ్యాల కూసోనికి టైం లేదు. కోరుట్లల పనున్నది నాకు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, సాంచాల చప్పుడు దాటి అందరికీ వినపడిందట.

ఆదివారం వేములవాడ మీదుగా వచ్చే మొదటి బస్సులో దిగుతాను. జట్టులో ఇంకెవరి పెడళ్లయినా బరువెక్కితే తెచ్చి ఉంచమను. మేక సంగతి మీ అమ్మకు ఈలోగా చెప్పు.

సైకిల్ మాత్రం కడగకు. మట్టి ఎక్కడెక్కడ చేరిందో నేను చూడాలి.

మామ